సూరి భగవంతం

సూరి భగవంతం (1909 అక్టోబరు 14 - 1989 ఫిబ్రవరి 6) సుప్రసిద్ధ భారతీయ భౌతిక శాస్త్రవేత్త, విద్యావేత్త, పరిపాలకుడు. నోబెల్ బహుమతి గ్రహీత సర్ సి.వి.రామన్ శిష్యులలో అగ్రగణ్యుడు. కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితం, స్ఫటిక భౌతికశాస్త్రం, అతిధ్వనులు (అల్ట్రాసోనిక్స్) ఈయన ప్రధాన పరిశోధనా రంగాలు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడిగా, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా (1952-57), బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ డైరెక్టరుగా (1957-62), భారత రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా (1961-69) పనిచేసాడు.

ఈయన పేరు సాధారణంగా రామన్ ఫలితంతోను, రక్షణ పరిశోధనతోను ముడిపడి వినిపిస్తుంది. తెలుగునాట అతిధ్వనుల పరిశోధనకు ఈయనే పునాది వేసాడన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. నేడు చిన్న పట్టణాలలోని ఆసుపత్రులలో సైతం స్కానింగు పేరుతోను, ఫిజియోథెరపీ కేంద్రాలలో నొప్పి చికిత్సకు వాడే యంత్రం రూపంలోను జనులకు పరిచితమైన అల్ట్రాసౌండుకు ఆధారమైనది ఈ శాస్త్రశాఖే. భగవంతం వైద్య పరికరమేదీ తయారు చేయలేదు. ఆయన ధ్వనితో పరీక్షించినవి ద్రవాలు, స్ఫటికాలు, వజ్రాలు మాత్రమే. కాని ధ్వని వేగాన్ని కొలిచి దానినిబట్టి పదార్థపు గట్టిదనాన్ని లెక్కకట్టే ఆయన పద్ధతికి మూలమైన సూత్రమే ఇప్పుడు మనిషి కండరాల పరీక్షకు వచ్చింది.

బాల్యము, విద్యాభ్యాసము

భగవంతం కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909 అక్టోబరు 14న జన్మించాడు. ప్రాథమిక విద్య గుడివాడలో జరిగింది. పైచదువుకు హైదరాబాదు చేరి నిజాం కళాశాలలో భౌతికశాస్త్రం ప్రధానాంశంగా బి.ఎస్సీ. పట్టా పొందాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగుతున్న ఆ కాలంలో, నిజాం కళాశాల మాత్రం మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండి ఇంగ్లీషు మాధ్యమంలో నడిచేది. కృష్ణా తీరపు పల్లె నుండి వచ్చిన విద్యార్థికి హైదరాబాదులో చదువు సాధ్యపడటానికి ఇదొక కారణం.

1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో రామన్ తన ప్రసిద్ధ ఆవిష్కరణను కనుగొన్నాడు. అదే సంవత్సరం భగవంతం కలకత్తా వెళ్ళి ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ లో రామన్ వద్ద పరిశోధకుడిగా చేరాడు. అప్పటికి ఆయన వయసు 19 ఏళ్ళు మాత్రమే. మద్రాసు విశ్వవిద్యాలయం ఎం.ఎస్సీ. పట్టాను తరువాత పొందాడు.

కలకత్తాలో పరిశోధన

బౌబజారు వీధిలోని ఆ సంస్థకు పెద్ద నిధులు గాని, ఖరీదైన పరికరాలు గాని లేవు. వర్ణపటమాపకాలు, పాదరసపు దీపాలు, ఓర్పు కలిగిన యువకులు, ఇవే దాని ఆస్తి. భగవంతం వాయువులలోను, ద్రవాలలోను, స్ఫటికాలలోను కాంతి ఎలా చెదరుతుందో పరిశీలించాడు. 1930లో వజ్రంలో రామన్ ఫలితంపై పరిశోధనలు ప్రకటించాడు. వజ్రంపై ఆనాడు మొదలైన ఆసక్తి ఆయనను చాలాకాలం విడువలేదు.

1931లో రామన్, భగవంతం కలిసి ఫోటానుకు భ్రమణం (స్పిన్) ఉన్నదనడానికి ప్రయోగాత్మక ఆధారాన్ని ప్రకటించారు. చెదిరిన కాంతిలో ధ్రువణం ఎంతమేరకు తగ్గుతుందో కొలిచి ఈ నిర్ణయానికి వచ్చారు. క్వాంటం సిద్ధాంతం ఇంకా రూపుదిద్దుకుంటున్న రోజులలో ఇరవై రెండేళ్ళ యువకుడికి ఇది సామాన్యమైన గౌరవం కాదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయము

సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకులపతిగా ఉన్నకాలంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం విజ్ఞానశాస్త్ర శాఖలను ఆరంభించింది. 1932లో భగవంతం భౌతికశాస్త్ర ఉపన్యాసకుడిగా వాల్తేరులో చేరాడు. అనంతరం ఆచార్యుడై, శాఖాధిపతియై, కళాశాల ప్రిన్సిపాలు పదవిని కూడా నిర్వహించాడు. కొత్తగా పుట్టిన శాఖ పదేళ్ళు తిరగకుండానే విదేశీ పత్రికలలో పేరు కనబడే స్థాయికి చేరడం చాలవరకు ఈయన కృషి ఫలమే.

ఇక్కడ ఆయనకు లభించిన ముఖ్య సహచరుడు గణితశాస్త్రజ్ఞుడు టి.వెంకటరాయుడు. స్ఫటికంలోని పరమాణువులు ఎన్ని రకాలుగా కంపించగలవు, వాటిలో ఏ కంపనాలు రామన్ వర్ణపటంలో కనబడతాయి, ఏవి కనబడవు అన్న ప్రశ్నకు గణితంలోని సమూహ సిద్ధాంతం సహాయంతో సమాధానం చెప్పే పద్ధతిని 1939లో వీరిరువురు ప్రకటించారు. ఇది భగవంతం-వెంకటరాయుడు పద్ధతిగా పేరుపొందింది. స్ఫటికం యొక్క సౌష్ఠవం తెలిస్తే చాలు, ప్రయోగం చేయకముందే ఎన్ని గీతలు కనబడవలెనో లెక్కకట్టవచ్చు.

ఈ సౌష్ఠవ గణితంతోనే భగవంతం మరొక పాత పొరపాటును సవరించాడు. ఒత్తిడికి గురైన స్ఫటికంలో కాంతి నడక మారే విధానాన్ని వివరించడానికి జర్మను శాస్త్రవేత్త పాకెల్స్ 19వ శతాబ్దం చివర కొన్ని స్థిరాంకాలను నిర్ణయించాడు. కొన్ని స్ఫటిక వర్గాల విషయంలో ఆ స్థిరాంకాల సంఖ్య తప్పని 1940ల ఆరంభంలో భగవంతం చూపించాడు. అర్ధశతాబ్దం పాటు పాఠ్యగ్రంథాలలో ప్రశ్నింపబడకుండా సాగిన లెక్క వాల్తేరులో సవరింపబడింది.

అతిధ్వనులపై పరిశోధన

మానవుని చెవి సుమారు 20,000 హెర్ట్జుల పౌనఃపున్యం వరకే వినగలదు. అంతకుమించినవి అతిధ్వనులు. క్వార్ట్జు వంటి స్ఫటికాన్ని నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో ఫ్రాన్సుకు చెందిన క్యూరీ సోదరులు కనుగొన్నారు. దీనిని తిరగవేసి, స్ఫటికపు పలకకు వేగంగా మారే విద్యుత్తునిస్తే అది అంతే వేగంగా కంపించి అతిధ్వనిని పుట్టిస్తుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో లాంజివిన్ ఈ పద్ధతిలో నీటి అడుగున జలాంతర్గాముల జాడ తీయడానికి ప్రయత్నించాడు.

1932లో అమెరికాలో డిబై, సియర్స్, ఫ్రాన్సులో లూకాస్, బికార్ వేర్వేరుగా ఒక విచిత్రాన్ని గమనించారు. అతిధ్వని ప్రయాణిస్తున్న ద్రవంలో సాంద్రత ఎక్కువ, తక్కువ పొరలు ఏర్పడి, ఆ ద్రవం కాంతికి గీతల పలకవలె (గ్రేటింగు) పనిచేస్తుంది. అందులోగుండా పంపిన కాంతి పలు గీతలుగా విడిపోతుంది. గీతల ఎడాన్ని కొలిస్తే ధ్వని తరంగదైర్ఘ్యం, దానినుండి ధ్వని వేగం తెలుస్తాయి. వినబడని ధ్వనిని కంటితో చూసి కొలవడమన్నమాట. బెంగుళూరులో రామన్, నాగేంద్రనాథ్ లు 1935-36లో దీనికి సిద్ధాంతాన్ని సమకూర్చారు.

కాంతి పరిక్షేపణంలో ఆరితేరిన భగవంతానికి ఈ రంగం సహజంగానే ఆకర్షణీయమైంది. ఆయన, ఆయన విద్యార్థులు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అతిధ్వని ప్రయోగశాలను నెలకొల్పి, ద్రవాలలో ధ్వని వేగాలను, పిమ్మట ఘనపదార్థాల స్థితిస్థాపకతను కొలవడం మొదలుపెట్టారు. బి.రామచంద్రరావుతో కలిసి మిక్కిలి హెచ్చు పౌనఃపున్యం గల అతిధ్వనులతో కాంతి వివర్తనాన్ని పరిశీలించాడు. ఈ రామచంద్రరావే తరువాతి కాలంలో అయనావరణ పరిశోధకుడిగా పేరుపొందాడు.

ఈ కృషి జరిగిన కాలం తేలికైనది కాదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నంపై జపాను విమానాలు బాంబులు వేశాయి. విశ్వవిద్యాలయం వాల్తేరు విడిచి గుంటూరుకు తరలవలసి వచ్చింది. 1946 వరకు అక్కడే నడిచింది. పరికరాలు విదేశాల నుండి వచ్చే మార్గం లేదు. పొరుగూరి వసతిలో, ఉన్న సామగ్రితోనే పనిచేయవలసిన స్థితి. ముఖ్యమైన అతిధ్వని ప్రయోగాలు కొన్ని ఈ గుంటూరు ప్రవాసంలోనే జరిగాయి.

వాటిలో చెప్పుకోదగినది జె.భీమసేనాచార్ తో కలిసి భగవంతం రూపొందించిన వెడ్జి పద్ధతి. సాధారణంగా ఒక క్వార్ట్జు పలక దాని మందాన్నిబట్టి ఒకే పౌనఃపున్యం వద్ద బలంగా కంపిస్తుంది. పలకను ఒకవైపు పలుచగా, మరొకవైపు మందంగా, చీలవలె అరగదీస్తే అదే పలక నుండి అనేక పౌనఃపున్యాలు వరుసగా పొందవచ్చు. పరీక్షించదలచిన స్ఫటికపు ముక్కను దీనికి ఆనించి, అవతల ద్రవాన్ని ఉంచుతారు. ముక్క మందంలో ధ్వని యొక్క అర్ధ తరంగాలు సరిగ్గా పూర్ణసంఖ్యలో ఇమిడిన క్షణంలో ధ్వని అవతలికి ధారాళంగా సాగుతుంది, ద్రవంలోని కాంతి గీతలు ఒక్కసారిగా ప్రకాశిస్తాయి. ఆ పౌనఃపున్యాన్ని నమోదు చేసుకుంటే ముక్కలో ధ్వని వేగం వచ్చేస్తుంది. వేగపు వర్గాన్ని సాంద్రతతో గుణిస్తే స్థితిస్థాపక స్థిరాంకం. చాలా చిన్న ముక్కలు మాత్రమే దొరికే ఖనిజాలకు ఇది ఎంతో అనుకూలమైనది.

వజ్రం కొలతలు

వెడ్జి పద్ధతితో భగవంతం, భీమసేనాచార్ లు పలు స్ఫటికాలను కొలిచారు. అందులో వజ్రానికి సంబంధించిన వ్యాసం 1946లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వెలువడింది. ప్రపంచంలో అత్యంత కఠిన పదార్థపు స్థితిస్థాపక స్థిరాంకాలు మూడింటిని వారు ప్రకటించారు. అవి నేటి ప్రమాణాలలో వరుసగా 950, 390, 430 గిగాపాస్కల్ లు.

ఈ విలువలు దాదాపు పదేళ్ళపాటు విస్తృతంగా వాడబడ్డాయి. 1957లో అమెరికాలో మెక్ స్కిమిన్, బాండ్ లు ధ్వని స్పందాల పద్ధతితో మళ్ళీ కొలిచి 1076, 125, 576 గిగాపాస్కల్ లుగా నిర్ణయించారు. తరువాతి కొలతలన్నీ ఈ రెండవ జాబితానే సమర్థించాయి. అనగా మొదటి స్థిరాంకంలో తేడా పదోవంతుకు పైన. రెండవదైతే మూడింతలు ఎక్కువగా తేలింది. భగవంతం జీవిత చరిత్రలలో ఈ సంగతి తరచు మరుగున పడుతుంది. దీనిని దాచవలసిన పని లేదు. యుద్ధకాలపు గుంటూరులో చేతికందిన సామగ్రితో ఆరంభమైన పద్ధతితో వజ్రం వంటి పదార్థంలో ధ్వనిని పట్టగలగడమే పెద్ద విషయం. తప్పు కూడా పద్ధతిని మెరుగుపరచుకోవడానికి ఇతరులకు ఉపయోగపడింది.

వజ్రంలో ధ్వని సెకనుకు సుమారు పదిహేడున్నర కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. ఉక్కులో దాదాపు ఆరు కిలోమీటర్లు, నీటిలో ఒకటిన్నర కిలోమీటరు. ఈ లెక్కన ఒక మిల్లీమీటరు మందం గల వజ్రపు పలక సుమారు 87 లక్షల హెర్ట్జుల వద్ద అనునాదం చెందుతుంది. నేటి వైద్యులు కండరాలను, కీళ్ళను చూడటానికి వాడే అల్ట్రాసౌండ్ ప్రోబులు పనిచేసేది కూడా ఇంచుమించు ఈ పౌనఃపున్యాల పరిధిలోనే.

ఉస్మానియా విశ్వవిద్యాలయము - పాలమూరు

1948-49లో భగవంతం లండన్ లోని భారత హైకమిషన్ లో శాస్త్ర సంబంధాల అధికారిగా పనిచేసాడు. తిరిగివచ్చి హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్యుడిగా చేరాడు. 1952లో ఉపకులపతి అయ్యాడు. ఆ సంవత్సరం సెప్టెంబరులో హైదరాబాదులో ముల్కీ ఉద్యమం చెలరేగి, విద్యార్థులు వీధులకెక్కారు. పోలీసు కాల్పులలో ప్రాణాలు పోయాయి. ఉపకులపతి జన్మస్థలం కృష్ణా జిల్లా అయినా చదువు హైదరాబాదుది. ఉర్దూ నుండి ఇంగ్లీషుకు బోధనాభాష మారిన తొలి సంవత్సరాలు కూడా అవే. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించేనాటికి ఆయనే ఉపకులపతి.

గద్వాల, వనపర్తి సంస్థానాలు, నాగర్ కర్నూలు తాలూకా ఆనాటి మహబూబ్ నగర్ జిల్లాలోనివి. ఈ ప్రాంతాన్ని వాడుకలో పాలమూరు అంటారు. అక్కడి విద్యార్థికి డిగ్రీ చదువంటే హైదరాబాదే. వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో జన్మించి హైదరాబాదు కొత్వాలు అయిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి 1918లో నెలకొల్పిన రెడ్డి హాస్టలు అటువంటి వారికి నీడనిచ్చింది. గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి ఆ వసతి గృహానికి నిర్వాహకుడిగా పనిచేసాడు, 1952లో వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యాడు. వెంకటరామారెడ్డి, ప్రతాపరెడ్డి ఇరువురూ 1953లో, అనగా భగవంతం ఉపకులపతిగా ఉన్నకాలంలోనే, మరణించారు. 1959లో వనపర్తి రాజప్రాసాదంలో పాలిటెక్నిక్ వెలిసింది. పాలమూరుకు సొంత విశ్వవిద్యాలయం రావడానికి మాత్రం 2008 వరకు ఆగవలసి వచ్చింది.

భగవంతం రాకతో ఉస్మానియా భౌతికశాస్త్ర శాఖలో అతిధ్వనుల పరిశోధన వేళ్ళూనింది. స్ఫటికాలతోపాటు దక్కను పీఠభూమి శిలలలో ధ్వని వేగాలను కొలిచే పని కూడా హైదరాబాదులో జరిగింది. పరిపాలనా భారం పెరిగినకొద్దీ ఆయన స్వయంగా ప్రయోగశాలలో గడిపే సమయం తగ్గింది. ఆ తరువాత ఆయన ప్రకటించినవాటిలో సౌష్ఠవ గణితానికి సంబంధించినవే ఎక్కువ.

బెంగుళూరు, ఢిల్లీ

1957లో భగవంతం భారతీయ విజ్ఞాన సంస్థ డైరెక్టరుగా నియమితుడయ్యాడు. ఒకనాడు తన గురువు రామన్ నిర్వహించిన పదవి అది. ఆయన పుట్టిన సంవత్సరమే, 1909లోనే, ఆ సంస్థ కూడా పుట్టడం ఒక యాదృచ్ఛికం. 1962లో ఆయన స్థానంలోకి సతీష్ ధావన్ వచ్చాడు.

1961లో డి.ఎస్.కొఠారి తరువాత రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు అయ్యాడు. రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ అప్పటికి ఏర్పడి మూడేళ్ళే. మరుసటి ఏడే చైనాతో యుద్ధం వచ్చింది, 1965లో పాకిస్తానుతో. ఆయుధాలకు విదేశాలపై ఆధారపడితే ఏమవుతుందో దేశానికి అనుభవంలోకి వచ్చిన సంవత్సరాలవి. క్షిపణులు, లోహాలు, ఎలక్ట్రానిక్సుకు సంబంధించిన రక్షణ ప్రయోగశాలలు హైదరాబాదులో కేంద్రీకృతం కావడం ఈయన పదవీకాలంలోనే జరిగింది. నీటి అడుగున ధ్వనితో వస్తువులను గుర్తించే సోనారుపై కొచ్చిలోని నౌకాదళ ప్రయోగశాల పనిచేసేది. అతిధ్వనుల శాస్త్రవేత్తకు అది పరాయి విషయం కాదు. హోమీ భాభా అధ్యక్షతన 1963లో ఏర్పడిన ఎలక్ట్రానిక్సు సంఘంలో విక్రం సారాభాయ్, ఎ.ఎస్.రావులతోపాటు ఈయన కూడా సభ్యుడు. 1969లో సలహాదారు పదవి నుండి విరమించాడు.

అతిధ్వనుల నుండి ఫిజియోథెరపీకి

భగవంతం వాల్తేరులో, గుంటూరులో స్ఫటికాలను కొలుస్తున్న సంవత్సరాలలోనే ఐరోపాలో ఇదే తరంగాన్ని రోగులపై ప్రయోగించడం మొదలైంది. 1942లో ఆస్ట్రియా వైద్యుడు డుసిక్ మెదడులోగుండా అతిధ్వనిని పంపి చిత్రం తీయడానికి ప్రయత్నించాడు. 1958లో గ్లాస్గోలో ఇయన్ డొనాల్డ్ బృందం కడుపులోని గడ్డలను, గర్భస్థ శిశువును ప్రతిధ్వనితో చూపగలిగింది. క్వార్ట్జు స్థానంలో కృత్రిమ పింగాణీ పలకలు వచ్చాయి. మెత్తని కణజాలంలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1540 మీటర్లు అని నిర్ధారించుకుని, ప్రతిధ్వని తిరిగివచ్చే కాలాన్నిబట్టి లోతును లెక్కించడం స్కానింగు యంత్రపు ప్రాథమిక సూత్రం.

ఫిజియోథెరపీలో అల్ట్రాసౌండుకు రెండు వేర్వేరు ఉపయోగాలున్నాయి. పాఠకులు ఈ రెండింటిని కలగలుపుకోరాదు. మొదటిది చికిత్స. 10 లేదా 30 లక్షల హెర్ట్జుల ధ్వనిని నొప్పి ఉన్నచోట జెల్లు రాసి ప్రసరింపజేస్తారు. దీనిలో బొమ్మ కనబడదు. దశాబ్దాలుగా వాడుకలో ఉన్నా, దీని ప్రయోజనానికి గల ఆధారాలు బలహీనమైనవని సమీక్షలు చెబుతున్నాయి. రెండవది చిత్రణ. 1980లో ఆక్స్ ఫర్డులో ఆర్చీ యంగ్, సహచరులు తొడ కండరం క్షీణతను అల్ట్రాసౌండుతో కొలిచారు. 1990లలో ఆస్ట్రేలియాకు చెందిన ఫిజియోథెరపిస్టు జూలీ హైడ్స్ నడుమునొప్పి గల రోగులలో వెన్నును ఆనుకొని ఉండే మల్టిఫిడస్ అనే కండరం నొప్పి ఉన్న పక్కనే కుంచించుకుపోతున్నదని, నొప్పి తగ్గినా కండరం దానంతటదే కోలుకోవడం లేదని చూపింది. 2006 మే నెలలో అమెరికాలోని శాన్ ఆంటోనియోలో జరిగిన సమావేశం పునరావాస చికిత్సలో ఈ చిత్రణ పరిధిని నిర్వచించింది. రోగి తన కండరం బిగుసుకోవడాన్ని తెరపై తానే చూస్తూ వ్యాయామం నేర్చుకోవడం దీనిలోని విశేషం.

భగవంతం కృషికి మరీ దగ్గరగా వచ్చేది ఎలాస్టోగ్రఫీ. కండరంలో అడ్డకంపనాన్ని పుట్టించి, అది ఎంత వేగంగా సాగుతుందో అల్ట్రాసౌండుతోనే కొలుస్తారు. వేగపు వర్గాన్ని సాంద్రతతో గుణిస్తే కండరపు బిగువు తెలుస్తుంది. గుంటూరులో వజ్రానికి వేసిన లెక్కయే ఇది. విశ్రాంతిగా ఉన్న కండరంలో ఈ తరంగం సెకనుకు మూడు మీటర్లు నడిచిందనుకుంటే దాని బిగువు సుమారు 9 కిలోపాస్కల్ లు. వజ్రానికి సంబంధించిన ఇదే కోవకు చెందిన స్థిరాంకం దీనికి దాదాపు ఆరు కోట్ల రెట్లు ఎక్కువ.

పాలమూరు నేలకు ఈ విషయం పరాయిది కాదు. గద్వాల చీరలు నేసేవారు గుంటమగ్గంలో గంటల తరబడి నడుము వంచి కూర్చుంటారు. ఆనకట్టలకు, కాలువలకు, భవనాలకు మట్టిమోసిన పాలమూరు వలస కూలీలు దేశమంతటా ప్రసిద్ధులు. వీరిలో నడుము, భుజం, మోకాలు దెబ్బతిన్నవారికి మందుబిళ్ళకన్న కండరాన్ని కొలిచి వ్యాయామం నిర్ణయించే వైద్యం ఎక్కువ అవసరం. గద్వాల, వనపర్తి, నాగర్ కర్నూలు 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలకు కేంద్రాలయ్యాయి. వనపర్తి, నాగర్ కర్నూలులలో 2022లోను, గద్వాలలో 2024లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ఆరంభమయ్యాయి.

అయితే యంత్రం ఉన్నంతమాత్రాన ఫిజియోథెరపిస్టు దానిని ముట్టడానికి వీలులేదు. గర్భస్థ శిశువు లింగాన్ని తెలుసుకుని ఆడపిల్లలను తొలగించే దురాచారాన్ని అరికట్టడానికి 1994లో పార్లమెంటు చట్టం చేసింది. 2003లో దానిని మరింత కట్టుదిట్టం చేసారు. శిశువు లింగాన్ని చూపగల ప్రతి యంత్రమూ జిల్లా అధికారి వద్ద నమోదు కావలెను. చట్టం పేర్కొన్న అర్హతలుగల వైద్యులే దానిని నడపవలెను. బొమ్మ చూపని చికిత్సా యంత్రానికి ఈ చిక్కు లేదు. పర్యవసానంగా, ఆధారాలు బలహీనంగా ఉన్న యంత్రం ఫిజియోథెరపిస్టుకు సులభంగా అందుతున్నది, ఉపయోగం ఎక్కువగా కనబడుతున్నది అందడం లేదు. ఆడపిల్లల ప్రాణరక్షణకు వచ్చిన చట్టాన్ని సడలించమనడం తేలిక కాదు. వెన్ను, భుజం మాత్రమే చూసేవారిని వేరుగా పరిగణించాలన్న వాదన కూడా నిరాధారమైనది కాదు. ఫిజియోథెరపీని ఒక వృత్తిగా గుర్తించి, దానికి నియమావళి ఏర్పరచే జాతీయ చట్టం 2021లో వచ్చింది.

చివరి దశ

పదవీ విరమణ తరువాత భగవంతం పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తుడిగా ప్రసిద్ధికెక్కాడు. బాబా తెలుగు ప్రసంగాలను అనేక సభలలో అప్పటికప్పుడు ఇంగ్లీషులోకి అనువదించేవాడు. దేశంలోని పేరుమోసిన శాస్త్రవేత్త మహిమలను బహిరంగంగా సమర్థించడం హేతువాదులకు కోపకారణమైంది. ఒక జపాను చేతిగడియారాల సంస్థ అధిపతికి సంబంధించి ఆయన చెప్పినట్లు ప్రచారమైన వృత్తాంతంపై హేతువాది అబ్రహాం కోవూరు ఆ సంస్థకే ఉత్తరం రాసి విచారించి, అది వాస్తవం కాదని 1970లలో ప్రకటించాడు. ఈ వివాదం చాలాకాలం నడిచింది. ఆయన శాస్త్రకృషిని తలచేవారు దీనిని, దీనిని తలచేవారు శాస్త్రకృషిని విడిచిపెట్టడం పరిపాటి అయింది.

1989 ఫిబ్రవరి 6న తన 79 ఏళ్ళ వయసులో భగవంతం మరణించాడు.

రచనలు

భగవంతం గ్రంథాలన్నీ ఇంగ్లీషులోనివే. కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితంపై రాసిన గ్రంథాన్ని 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురించింది. వెంకటరాయుడుతో కలిసి సమూహ సిద్ధాంతం, భౌతిక సమస్యలలో దాని అనువర్తనాలపై రాసిన పుస్తకం 1948లో వెలువడి విదేశాలలో కూడా పాఠ్యగ్రంథమైంది. స్ఫటిక సౌష్ఠవం, భౌతిక ధర్మాల గురించిన గ్రంథాన్ని 1966లో అకడమిక్ ప్రెస్ ప్రచురించింది. స్థితిస్థాపక స్థిరాంకాలకు సంబంధించిన సిద్ధాంతం ఈ చివరి పుస్తకంలో విపులంగా లభిస్తుంది.